సముద్రతీరం బొమ్మను చూడటం ఎట్లా? ఇంప్రెషనిస్ట్ చిత్రాల మూడ్, పనితనంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో మా దగ్గర డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) సీటు కోసం తయారయ్యేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఇంప్రెషనిస్టులంటే వస్తువును నున్నగా పూర్తిచేయకుండా, ఆ క్షణంలో దానిమీది వెలుతురును విడివిడి కుంచె గీతలతో పట్టుకున్న ఫ్రాన్స్ చిత్రకారులు. ఉదాహరణలకు వాళ్లలో ఒకడైన క్లాడ్ మోనే గీసిన ఫ్రాన్స్ తీరపు బొమ్మల్నే ఎక్కువగా తీసుకున్నాను. వాటి ఫొటోలు ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతాయి. పక్కన తెరిచి పెట్టుకుని చదివితే మేలు.

బొమ్మ ముందు నిలబడగానే మొదట ఏం చూడాలి?

"దీని మూడ్ ఏంటి?" అని మొదలుపెట్టకండి. అట్లా మొదలుపెడితే ప్రశాంతత, ఒంటరితనం, ఆనందం అనే మాటల్లో ఏదో ఒకటి నోటికొస్తుంది, కన్ను అక్కడితో పని ఆపేస్తుంది. ముందు కంటికి కనబడేవి చూడండి. నీళ్లూ ఆకాశమూ కలిసే గీత బొమ్మలో ఎంత ఎత్తున ఉంది? బాగా వెలుతురున్న చోటు ఏది, బాగా చీకటిగా ఉన్న చోటు ఏది, రెండింటికీ తేడా ఎంత? కుంచె అడ్డంగా నడిచిందా, నిలువుగానా, వంకరగానా? ఏ వస్తువు అంచు గట్టిగా ఉంది, ఏది పక్క రంగులో కలిసిపోయింది? రంగు పలుచగా ఉందా, ముద్దగా ఉందా?

వీటికి జవాబు దొరికాక మూడ్ మాట ఎత్తండి. అప్పుడు మీరు చెప్పేదానికి ఆధారం ఉంటుంది, ఎదుటివాళ్లకు వేలు పెట్టి చూపించగలరు. పిల్లలకు నేను పదేపదే చెప్పేది ఇదొక్కటే: మూడ్ అనేది రంగు పూసిన తీరులోనే ఉంటుంది, అక్కడే వెతకాలి.

మన దగ్గర సముద్రమే లేదు గదా సార్, చూడనిదాని బొమ్మ మాకెట్లా అర్థమవుతుంది?

సముద్రం లేని మాట నిజమే. కానీ నీళ్ల మీద వెలుతురు మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కినవాళ్లు, సోమశిల దగ్గర కృష్ణమ్మను చూసినవాళ్లు, పొద్దుగూకే వేళ పానగల్ ఉదయసముద్రం కట్ట మీద నడిచేవాళ్లు, వీళ్లందరికీ సగం పాఠం వచ్చినట్టే. గాలి లేని పూట ఎదురుగుట్ట నీడ నీళ్లలో చెక్కుచెదరకుండా నిలుస్తుంది. కాస్త గాలి తగిలిందంటే అదే నీడ ముక్కలై అడ్డగీతలుగా విడిపోతుంది. మోనే జీవితాంతం గీసిన వాటిలో ముఖ్యమైనది ఇదే.

మనకు తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి, వాటిని తెలుసుకుని చూడాలి. మోనే పెరిగిన నార్మండీ తీరంలో సముద్రం పోటూ పాటులకు మీటర్ల ఎత్తున లేచి దిగుతుంది. పొద్దున నడిచిన ఇసుక మధ్యాహ్నానికి నీళ్ల కింద ఉంటుంది. అందుకే అక్కడి బొమ్మల్లో ఒడ్డు ఒక్కోసారి వెడల్పుగా, ఒక్కోసారి అసలు లేనట్టుగా కనబడుతుంది. రెండోది, అక్కడి కొండచరియలు సుద్దరాయి. తెల్లగా ఉండటంతో ఏ వెలుతురు పడితే ఆ రంగు తీసుకుంటాయి. పొద్దున గులాబీ, మబ్బు పట్టినప్పుడు నీలం, సాయంత్రం నారింజ. మన గుండ్లు ఎంత ఎండ పడ్డా తమ బూడిద ఎరుపును అంత తేలిగ్గా వదులుకోవు. మూడోది, గాలిలోని తేమ. దూరపు వస్తువులు పాలిపోయి నీలంగా మారేది దానివల్లే. ఈ మూడూ తెలియకపోతే చిత్రకారుడు రంగులు ఊహించి వేశాడనుకుంటాం.

మోనే గీసిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్' సగం గీసి వదిలేసినట్టుంది. దానికంత పేరెందుకు?

మొదటిసారి చూసిన వాళ్లలో చాలామంది ఈ మాటే అంటారు. 1874 ఏప్రిల్‌లో పారిస్‌లో, ఫొటోగ్రాఫర్ నదార్ ఖాళీ చేసిన స్టూడియోలో దీన్ని ప్రదర్శనకు పెట్టినప్పుడు లూయీ లెరోయ్ అనే విమర్శకుడు కూడా అదే అన్నాడు. గోడలకు అంటించే కాగితం తయారీ మొదట్లో ఉన్నప్పుడు కూడా ఇంతకంటే పూర్తయినట్టు ఉంటుందని 'లె షరివరి' పత్రికలో ఎగతాళి చేశాడు. ఇంప్రెషనిస్టులు అన్న పేరు స్థిరపడింది ఆ వ్యాసంతోనే.

బొమ్మ పెద్దదేం కాదు, 48 సెంటీమీటర్ల ఎత్తు, 63 సెంటీమీటర్ల వెడల్పు. 1872లో మోనే నార్మండీలోని లె హావ్ర్ రేవును హోటల్ కిటికీలోంచి చూసి గీశాడు. దగ్గరికి తెచ్చుకుని చూడండి. వెనకాల ఓడల స్తంభాలు, పొగ గొట్టాలు, క్రేన్లు ఉన్నాయి. అవన్నీ పొగమంచులో పలుచటి నీలం బూడిదరంగు మరకలు, అంతే. ముందు చిన్న పడవ ముదురు రంగులో కొట్టొచ్చినట్టు ఉంది, అందులో మనుషుల ఆకారాలు. దాని వెనక పడవ కొంచెం పాలిపోయింది, ఇంకో పడవ మరీ పాలిపోయింది. దూరం ఎంతో చెప్పడానికి ఇంకే కొలతా వాడలేదు. నీళ్ల మీద సూర్యుడి ప్రతిబింబాన్ని కొన్ని నారింజ అడ్డగీతలతో ముద్దగా పెట్టి వదిలేశాడు. చుట్టూ రంగు ఇంత పలుచగా ఉంటే అక్కడ మాత్రం చేత్తో తడిమితే తగిలేంత మందం.

ఇప్పుడొక పని చేయండి. ఆ బొమ్మను ఫోన్‌లోకి తీసుకుని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. సూర్యుడు దాదాపు మాయమవుతాడు! చుట్టూ ఉన్న ఆకాశానికీ సూర్యుడికీ రంగులో ఎంత తేడా ఉన్నా వెలుతురు మోతాదు ఇంచుమించు ఒకటే. హార్వర్డ్‌లో కంటిచూపు మీద పరిశోధన చేసిన మార్గరెట్ లివింగ్‌స్టన్ దీన్ని వివరించారు. మన మెదడులో రంగును గుర్తించే భాగం వేరు, వస్తువు ఎక్కడుందో పసిగట్టే భాగం వేరు. రెండోది వెలుతురు తేడాల మీదే ఆధారపడుతుంది, దానికి రంగు పట్టదు. కాబట్టి ఈ సూర్యుడు ఒక భాగానికి స్పష్టంగా కనబడతాడు, ఇంకో భాగానికి దొరకడు. అందుకే నిలకడగా ఉండక వణుకుతున్నట్టు తోస్తాడు. "తెల్లవారుజాము అనుభూతి" అని మనం తేలిగ్గా అనేసేదాని వెనక ఇంత కచ్చితమైన పని ఉంది. మోనేకు ఈ శాస్త్రం తెలియదు, ఆయన కన్ను దాన్ని పట్టుకుంది. నాకు ఈ బొమ్మలో అన్నింటికంటే నచ్చేది ఇదే.

కుంచె గీతలు చూసి మూడ్ చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు. ఒకే చిత్రకారుడు గీసిన రెండు తీరాలను పక్కపక్కన పెట్టుకుంటే అర్థమవుతుంది.

1882లో మోనే నార్మండీ తీరంలోని పూర్విల్ దగ్గర కొండచరియ అంచున నడుస్తున్న ఇద్దరు స్త్రీలను గీశాడు. బొమ్మ చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. గడ్డి పొట్టి పొట్టి వంకర గీతలతో గాలి వీచినవైపు ఒరుగుతోంది. స్త్రీల బట్టలను కూడా అట్లాంటి గీతలతోనే వేశాడు. సముద్రం చిన్న చిన్న ముక్కలుగా మెరుస్తోంది. అంతటా గీతలు ఒకే లయలో పోతాయి, అందువల్ల గాలి వీస్తున్న సంగతి మనకు విడిగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండ, గాలి, హాయి అన్నీ ఆ లయలో వచ్చేశాయి.

1886 శరత్కాలంలో బ్రిటనీ దగ్గర బెల్-ఈల్ దీవికి వెళ్లాడు. అక్కడ సుద్దరాయి లేదు, నల్లటి బండలు, అట్లాంటిక్ అలలు. ఆ బొమ్మల్లో రాళ్లను బరువైన, మెలితిరిగిన గీతలతో కట్టాడు. నీళ్లలో నీలం, ఆకుపచ్చ, ఊదా, తెలుపు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. తుఫాను బొమ్మల్లోనైతే రాయికీ నురగకూ తేడా కొన్నిచోట్ల తెలియదు. చూసేవాడికి నిలబడే చోటు దొరకదు. భయం పుట్టేది ఇక్కడే. సాగర్ గేట్లు ఎత్తినప్పుడు దగ్గర నిలబడ్డవాళ్లకు ఈ బొమ్మలు వెంటనే ఎక్కుతాయి. అక్కడా కంటికి ఆకారం దొరకదు, వేగం ఒక్కటే దొరుకుతుంది.

గుర్తుపెట్టుకోవడానికి ఒకటి: అడ్డగీత నీటిని పడుకోబెడుతుంది, వంకరగీత దాన్ని లేపుతుంది. ఇది నూటికి నూరుపాళ్లు పనిచేసే సూత్రమేం కాదు, మొదలుపెట్టడానికి మాత్రం పనికొస్తుంది.

ఆకాశం ఎక్కువ ఉంటే ఒకటి, నీళ్లు ఎక్కువ ఉంటే ఒకటా?

అవును. మోనేకు బయట కూర్చుని గీయడం అలవాటు చేసిన యూజీన్ బూదాఁ త్రూవిల్ బీచ్ బొమ్మలు చూడండి. దిగంతరేఖ (నీళ్లూ ఆకాశమూ కలిసే గీత) బాగా కిందికి ఉంటుంది, మనుషులు అడుగున ఒక సన్నటి వరుస, మిగతాదంతా మబ్బులే. చూస్తే ఊపిరి ఆడుతుంది. బెల్-ఈల్ బొమ్మల్లో మోనే ఆ గీతను పైఅంచు దాకా నెట్టేశాడు. ఆకాశం ఒక పట్టీ అంత మిగిలింది. నీళ్లూ రాళ్లూ మీదికొస్తున్నట్టు ఉంటుంది. జపాన్ అచ్చుబొమ్మలంటే మోనేకు ప్రాణం, ఎన్నో కొని దాచుకున్నాడు. పైనుంచి కిందికి చూసే ఈ పద్ధతిలో వాటి ప్రభావం కనబడుతుంది.

నీడలు నల్లగా ఉండాలి గదా, నీలంగా, ఊదాగా ఎందుకు వేశారు?

పానగల్ ఛాయా సోమేశ్వరాలయం చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. అక్కడ గర్భగుడిలో లింగం వెనక గోడ మీద నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. నేరుగా పడే ఎండ వల్ల వచ్చిన నీడైతే పొద్దుతో పాటు జరగాలి. బయట చెదిరి, స్తంభాల సందుల్లోంచి లోపలికి వచ్చే వెలుతురు వల్ల ఏర్పడేది కాబట్టి అది ఒకేచోట ఉంటుంది. అంటే వెలుతురు సూర్యుడి నుంచి సూటిగానే రాదు. ఆకాశం నుంచి, నేల నుంచి, ఎదుటి గోడ నుంచి కూడా వస్తుంది. ఎండ తగలని చోట పనిచేసేది ఆ రెండో వెలుతురే. ఆకాశం నీలంగా ఉన్న రోజు తెల్ల ఇసుక మీది నీడలో ఆ నీలమే పడుతుంది. నమ్మకం కలగకపోతే సాయంత్రం నాలుగున్నరకు సున్నం వేసిన గోడ మీద చెట్టు నీడను తెల్ల కాగితం పక్కన పెట్టి చూడండి.

ఇంకో కారణం కూడా ఉంది. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకం పని చూసుకునే రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్‌కు నల్ల నూలు వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా నూలు వల్ల నలుపు అట్లా కనబడుతోంది. ఏ రంగైనా పక్క రంగును బట్టి మారి కనబడుతుందని ఆయన 1839లో పుస్తకం వేశాడు. నారింజ పక్కన బూడిదరంగు నీలంగా తోస్తుంది. చిత్రకారులు దీన్ని బాగా వాడుకున్నారు. మన చేనేత వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదనుకుంటాను.

అంచులు ఎందుకు చెదిరిపోయి ఉంటాయి? గీయడం రాకనా?

వచ్చు. బళ్లో మోనే మనుషుల కేరికేచర్లు (వ్యంగ్య చిత్రాలు) గీసి పేరు తెచ్చుకున్నాడు, గట్టి గీత ఆయనకు చిన్నప్పుడే పట్టుబడింది. పోచంపల్లి చీరలో రంగూ రంగూ కలిసే చోటు చూడండి, నూలుకు ముందే అద్దిన రంగు నేతలో కాస్త అటూ ఇటూ జరిగి అంచు మెత్తబడుతుంది. కానీ దూరం నుంచి డిజైన్ చక్కగా తెలుస్తుంది, పైగా కదులుతున్నట్టు ఉంటుంది. ఈ బొమ్మల్లో అంచు కూడా అట్లాంటిదే. తడి రంగు మీద తడి రంగు వేయడంతో రెండూ కొంచెం కలుస్తాయి. నీటికీ పొగమంచుకూ గట్టి అంచు ఉండదు కాబట్టి ఈ పద్ధతి వాటికి అతికినట్టు సరిపోయింది.

ఎక్కడ అంచు గట్టిగా ఉంచారో కూడా గమనించండి. బొమ్మ మొత్తంలో అట్లాంటి చోటు ఒకటో రెండో ఉంటాయి. చిత్రకారుడు మన కన్నును ఆపాలనుకున్నది అక్కడే.

నిజంగా సముద్రం ఒడ్డునే కూర్చుని గీసేవారా?

సాక్ష్యం రంగులోనే ఉంది. 1870 వేసవిలో మోనే గీసిన 'ది బీచ్ ఎట్ త్రూవిల్' లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని రంగులో ఇసుక రేణువులు అతుక్కుపోయి ఉన్నాయి. గాలికి ఎగిరి తడి రంగు మీద పడ్డవి అవి.

ఇది సాధ్యం కావడానికి ఒక చిన్న వస్తువు కారణం. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే తగరపు ట్యూబుకు పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి పెట్టేవాళ్లు, ఒకసారి పొడిస్తే తొందరగా పాడయ్యేది. ట్యూబు వచ్చాక పెట్టె చంకన పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు.

కష్టాలూ ఉన్నాయి. 1885లో ఎత్రెతా దగ్గర కొండ కింద గీస్తూ మోనే పోటు సమయం తప్పుగా లెక్కవేశాడు. ఒక పెద్ద అల ఆయన్ను కొండకు విసిరికొట్టి లాక్కుపోయింది. ప్రాణాలతో బయటపడ్డాడు, ఈజిల్, కాన్వాస్, రంగులు సముద్రంలో పోయాయి. అయినా అన్నీ ఒడ్డునే పూర్తి చేసినవి అనుకోవద్దు, చాలావాటికి ఇంటికెళ్లాక మెరుగులు దిద్దాడు.

బొమ్మలో మనుషులు అంత చిన్నగా, ముఖాలు లేకుండా ఎందుకు?

కొండ ఎంత పెద్దదో తెలియాలంటే పక్కన మనిషి ఉండాలి. ముఖం గీస్తే మన చూపు ముఖానికే అతుక్కుంటుంది, వెలుతురు వెనకబడుతుంది.

నాకు దిగులుగా అనిపించింది, మా అక్కకు ప్రశాంతంగా అనిపించింది. ఎవరు కరెక్ట్?

ఇద్దరూ కావచ్చు. పలుచటి బూడిద నీలం, తక్కువ వెలుతురు తేడా, అడ్డగీతలు, ఒంటరి పడవ: ఇవన్నీ నెమ్మదిని సూచిస్తాయి. ఆ నెమ్మది ఒకరికి విశ్రాంతి, ఇంకొకరికి వెలితి. కానీ అదే బొమ్మను చూసి ఎవరైనా "కోపంగా ఉంది" అంటే ఏ గీత చూసి అన్నారో అడగాలి. చూపించలేకపోతే ఆ మాట బొమ్మ గురించి అన్నది కాదు. "ఆర్ట్‌లో ఎవరికి తోచింది వాళ్లది" అన్న మాట నేను ఒప్పుకోను. ఆ మాటతో పిల్లలు చూడటం మానేస్తారు.

చిత్రకారుడి జీవితం తెలిస్తేనే మూడ్ అర్థమవుతుందా?

కొంత పనికొస్తుంది, ముందే చదివితే నష్టం కూడా. త్రూవిల్ బొమ్మలు వేసిన వేసవిలో మోనేకు కొత్తగా పెళ్లయింది, అదే జూలైలో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం మొదలైంది. అది తెలియగానే మబ్బుల్లో యుద్ధం కనబడటం మొదలవుతుంది. బొమ్మలో లేనిది బయటి నుంచి తెచ్చి పెట్టకండి. ముందు చూడండి, తర్వాత చదవండి.

ఫోన్‌లో చూస్తే సరిపోతుందా?

రంగుల అమరికకు సరిపోతుంది, రంగు మందానికి సరిపోదు. స్క్రీన్ బ్రైట్‌నెస్ మధ్యలో పెట్టుకోండి, ఫిల్టర్లు తీసేయండి. ఆయిల్ పెయింటింగ్ ఉపరితలం ఎట్లా ఉంటుందో కంటితో చూడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ చిత్రాల గ్యాలరీకి వెళ్లండి. పక్కవాటుగా నిలబడి, రంగు మీద లైటు జారేటట్టు చూడండి.

అసైన్‌మెంట్‌లో లేదా ఇంటర్వ్యూలో ఎట్లా చెప్పాలి?

పిల్లలు మామూలుగా రాసేది ఇది: "ఈ చిత్రం చాలా అందంగా, ఆహ్లాదంగా ఉంది. రంగులు అద్భుతంగా వాడారు." ఇందులో ఏ బొమ్మకైనా అతికించలేని మాట ఒక్కటీ లేదు.

త్రూవిల్ బొమ్మ గురించి ఇట్లా రాసి చూడండి: "ఇద్దరు స్త్రీలు బీచ్‌లో కూర్చున్నారు, మధ్యలో ఖాళీ కుర్చీ ఉంది. తెల్ల గౌనును వెడల్పాటి గీతలతో, మడతలు లెక్కపెట్టకుండా వేశారు. ముఖాల్లో కళ్లూ ముక్కూ పూర్తిగా దిద్దలేదు. ఆకాశాన్ని కూడా అంతే వేగంగా పూశారు. పోజు పెట్టి గీయించుకున్న చిత్రంలో ఉండే నిలకడ ఇందులో లేదు, గాలి వీస్తున్న ఒక పూట గబగబా పట్టుకున్నట్టు ఉంది. ఇద్దరూ దగ్గరగా ఉన్నా ఒకరినొకరు చూసుకోవడం లేదు, అందుకే సెలవురోజు హాయితో పాటు కొంత దూరం కూడా తోస్తుంది." ప్రతి వాక్యానికీ బొమ్మలో చోటు ఉంది చూశారా? ఇంటర్వ్యూలో ఎవరైనా "ఎందుకట్లా అన్నావమ్మా?" అని అడిగితే టెన్షన్ పడనక్కర్లేదు, చూపిస్తే చాలు.

మేం కూడా ఇట్లా గీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉదయసముద్రం కట్ట చాలు, మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు కోయిల్‌సాగర్, గద్వాల వాళ్లకు జూరాల. పొద్దుపొడవక ముందే చేరుకోండి. బోర్డు పెద్దది వద్దు, నోట్‌బుక్ పేజీ అంత ఉంటే చాలు. పెట్టెలోంచి నలుపు తీసేయండి. ముదురు కావాలంటే నీలంలో ఎరుపు మట్టిరంగు కలపండి. పెన్సిల్‌తో దిగంతరేఖ, గుట్ట అంచు తప్ప ఇంకేం గీయొద్దు, నేరుగా కుంచె పట్టండి. మన ఎండకు అక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది, తడి మీద తడి పని కుదరదు. పాలెట్ మీద నీళ్లు చిలకరిస్తూ ఉండండి, వీలైతే ఆయిల్ రంగులు తీసుకోండి.

వెలుతురు అరగంటలో మారిపోతుంది. మారిన వెలుతురును అదే బోర్డు మీద దిద్దుతూ పోతే బొమ్మ బురదైపోతుంది. ఎత్రెతాలో మోనేను చూసిన రచయిత మొపాసా రాసిన ప్రకారం ఆయన ఒకే దృశ్యానికి ఐదారు కాన్వాసులు వెంట తెచ్చుకుని, ఎండా మబ్బూ మారినప్పుడల్లా ఒకటి పక్కన పెట్టి ఇంకోటి తీసుకునేవాడు. మీరూ రెండు బోర్డులు తీసుకెళ్లండి. ఒకటి పొద్దుపొడుపుకు, ఒకటి ఎండెక్కాక. మిగిలిపోయినది మర్నాడు అదే వేళకు వచ్చి గీయండి.